ముందే చెప్పిన సాక్ష్యం

"ఆ గుంజ ఈడ పాతబాకన్నా. యాడా పాతబాకండి. సామానంతా మళ్లీ బండికెత్తండి."

షారన్ కేకకు షామియానా వాళ్లిద్దరూ గడ్డపార పట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. పొద్దున్నే చెన్నై బస్సు దిగి వచ్చిన పిల్ల. భుజాన సంచి దించలేదు, చెప్పులు విడవలేదు, వాకిట్లోనే తాడోపేడో తేల్చుకునేదానిలా నిలబడింది.

"పాతండి," అన్నాడు కృపాదానం వసారాలోంచి. "మీకు పని చెప్పింది నేనా, అదా?"

పెళ్లి పందిళ్ల కింద ఎన్నో తగాదాలు చూసినవాళ్లే కాని, కృతజ్ఞతా కూడికకు తగాదా ఏమిటో వాళ్లకు అంతుబట్టలేదు. గడ్డపార నేలకానించి, ఏదో ఒకటి తేలేదాకా బీడీ కాల్చుకుందామని గోడ పక్కకు జరిగారు.

గడపలో నవోమి నిలబడి ఉంది. ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవదు. పోయిన నెల నెల్లూరులో ఆపరేషన్ చేసి ఆ వైపు రొమ్ములోని క్యాన్సర్ గడ్డ తీసేసిన దగ్గర్నుంచి, ఆ చేతిని పక్కటెముకలకు ఆనించుకుని తిరగడం ఆమెకు అలవాటైపోయింది. పోయిన ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద కృపాదానం లేచి నిలబడి, తన భార్యకు సంపూర్ణ స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పాడు. ఈ సాయంత్రం తన వాకిట్లో కూడిక, కూడిక తర్వాత భోజనాలు, అందరూ రావాలని పిలిచాడు. విడవలూరులో ఆ పిలుపు అందని విశ్వాసి లేడు.

"సాక్ష్యం చెప్పే ముందు నన్నొక మాట అడిగుంటే ఏం పోయింది నాన్నా?"

"దేవుడికి కృతజ్ఞత చెప్పాలంటే నిన్నడగాల్నా?"

"అమ్మకు వైద్యం సగమే అయింది. కీమో పెట్టించుకోవాల."

"డాక్టరు వద్దన్నాడు."

"వద్దనలా. పెట్టించుకోవచ్చు, మానొచ్చు, ఆమె సరిగ్గా గీత మీద ఉండాది, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. నువ్వు 'మానొచ్చు' దాకా విని లేచి వచ్చేసినావు."

అది నిజమే. డాక్టర్ నరేంద్రబాబు నోట ఆ మాట రాగానే కృపాదానం ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. మిగతా సగం మాట ఆ కన్నీళ్లలో కొట్టుకుపోయింది. నవోమి మాత్రం పూర్తిగా విన్నది. విని కూడా నోరు విప్పలేదు. ఆ మందంటే ఆమెకు భయం. పక్క మంచం మీది మనిషి పడిన బాధ కళ్లారా చూసి వచ్చింది మరి. డాక్టరు రాసిచ్చిన మాత్రలతో సరిపోతుందని భర్త అనుకుంటే, అనుకోనీ అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇప్పుడు వాకిట్లో తండ్రీకూతుళ్ల మధ్య పడింది.

పెరట్లోంచి అబిగయీలు వచ్చింది, ఉల్లిపాయలు కోస్తున్న కత్తిపీట అక్కడే వదిలేసి. కృపాదానానికి పెద్దక్క. మొగుడు పోయిన నాటినుంచి ఎదురింట్లో ఒంటరిగా ఉంటుంది, పగలంతా మాత్రం ఈ ఇంట్లోనే. సంఘంలో స్త్రీల ప్రార్థన ఆమె లేనిదే మొదలు కాదు.

"ఏమ్మే షారన్, పలావుకు చికెను కూడా తెచ్చేసినాక ఈ గొడవేంది? కీమో అంటే జుట్టంతా రాలిపోద్దంట గదా. గుండుతో మీ అమ్మ చర్చికొస్తే నలుగురూ ఏమంటారు? స్వస్థత అయిందన్న మనిషికి ఈ మందులేందని అడగరా? నవ్వులపాలయ్యేది మనం కాదు, దేవుడి పేరు."

"దేవుడి పేరు సంగతి దేవుడు చూసుకుంటాడత్తా. అమ్మ సంగతి ఎవరు చూస్తారు?"

"చూసినావా తమ్ముడా, చదువు చెప్పిస్తే ఎట్టా మాట్లాడుతుండాదో!"

నవోమి కూతురి ముఖం వైపు చూసింది. పాతికేళ్లుగా బళ్లో పిల్లల ముఖాలు చదివిన టీచరు ఆమె. తప్పు చేసిన పిల్ల ఎంత గట్టిగా అరిచినా టీచరు కళ్లలోకి మాత్రం చూడదు. షారన్ వచ్చిన దగ్గర్నుంచి తల్లి వైపు తిరగలేదు.

"షారన్," అంది. "నెల రోజులుగా ఫోనులో 'మాత్రలు వేసుకో, అన్నం తిను' అనేదానివి. ఒక్కరోజన్నా కీమో మాటెత్తలేదు. ఇప్పుడేమొచ్చింది?"

షారన్ సంచి దించి అరుగు మీద పెట్టింది.

"నేనొక తప్పు చేసినా మా."

అబిగయీలు నోరు మూసుకుంది. ఎవరికైనా తప్పు ఒప్పుకునేవాళ్లంటే ఆసక్తే.

"నీ గడ్డ ముక్కను మైనం దిమ్మలో పెట్టి ఆస్పత్రోళ్లు ఇచ్చినారు గదా, చెన్నైలో ఇంకో చోట కూడా చూపించమని. నేనే తీసకపోయినా గదా. వాళ్ల రిపోర్టూ వీళ్ల రిపోర్టూ ఒకటే వచ్చినాయి. అంతటితో దిమ్మను తిరిగిచ్చేయాల. ఇయ్యకముందు నేను పరిశోధన చేసే ల్యాబులో ఒక పొర కోసుకున్నా. మేం కొత్తగా తయారుచేస్తున్న పరీక్ష దాని మీద చేసినా. ఎవరినీ అడగలా."

"ఏం పరీక్ష?" అన్నాడు కృపాదానం.

"మోటార్ ప్రోటీన్లని ఉంటాయి నాన్నా…"

"మోటారా?" కృపాదానానికి నవ్వు వచ్చింది. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే మోటార్లు కాలిపోతే వాటికి మళ్లీ తీగ చుట్టడం ఆయన బతుకుతెరువు. "నాకా మోటార్ల సంగతి చెప్పేది?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా మధ్యలో ఆగిపోయింది.

"మన ఒంట్లో ప్రతి కణం లోపలా సన్నటి దారాల్లాంటి దారులుంటాయి. ఈ ప్రోటీన్లు వాటి మీద నడుస్తా సరుకు మోస్తాయి. కణం రెండుగా చీలేటప్పుడు లోపలున్నదాన్ని చెరో పక్కకు లాగేదీ ఇవే. అందరి ఒంట్లో ఉండేవే. కాని గడ్డలో ఒక రకంవి మరీ ఎక్కువుంటే ఆ కణాలు ఆగకుండా చీలుతుండాయని అర్థం. అట్టాంటి గడ్డ తీయించుకున్నోళ్లలో, మిగతావాళ్ల కంటే ఎక్కువ మందికి మళ్లీ వచ్చింది. మేం చూసినవాటిల్లోనూ అంతే, వేరే దేశాలోళ్లు చూసినవాటిల్లోనూ అంతే."

"మీ అమ్మకు?"

"ఆ ప్రోటీన్ ఉన్న చోటల్లా గోధుమరంగు తేలేటట్టు మందేస్తాం. కొందరి స్లైడులో అక్కడక్కడా చుక్కలుంటాయి. అమ్మది…" షారన్ అరుగు మీద అరచెయ్యి పరిచింది. "కాఫీపొడి ఒలకబోసినట్టు ఉండాది."

కృపాదానం వసారా దిగి వచ్చాడు.

"అంటే మీ అమ్మకు మళ్లీ వస్తాదంటావు," అన్నాడు కృపాదానం.

"అట్టా చెప్పలేను."

"రాదంటావు."

"అట్టా కూడా చెప్పలేను నాన్నా."

"మరేం చెప్పడానికి వచ్చినావు తల్లీ, ఇంత దూరం?"

షారన్ ఏడుపు ఆపుకుంది. "మా ల్యాబు సారు నన్ను కడిగి పారేసినారు. సొంత మనిషి ముక్క మీద చెయ్యి పెట్టకూడదు, పైగా ఇంకా డాక్టర్లు మందు రాయడానికి నమ్ముకునే పరీక్ష కాదిది అని. నిజమే. నరేంద్రబాబు గారికీ ఫోన్ చేసి చెప్పినా. 'దీన్ని చూసి నేను కీమో రాయను. కాని మీ అమ్మ ముందునించే గీత మీద ఉంది కదా, ఆమె కావాలంటే ఇస్తా. మీరూ మీరూ అనుకోవడం కాదు, ఆమెను అడగండి' అన్నారు."

ఆమెను అడగండి.

నవోమి ఎదురుచూసింది. ఆమె అక్కడే, గడపలో, అందరికీ చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. షారన్ నేల చూపులు చూస్తోంది. అబిగయీలు కొంగుతో ఉల్లిపాయ కన్నీళ్లు తుడుచుకుంటోంది. కృపాదానం ఒక్క క్షణం భార్య వైపు తిరగబోయాడు. తిరగలేదు.

"అన్నా, పాతండి గుంజలు," అన్నాడు గోడ పక్క వాళ్లతో. "టైమైపోతుండాది."

*

మధ్యాహ్నం మాత్రా, మంచినీళ్ల గ్లాసూ పట్టుకుని ఆయనే గదిలోకి వచ్చాడు. ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆ పని ఇంకెవరికీ వదల్లేదు. చేతుల నిండా ఎప్పుడూ ఉండే గ్రీజు మరకలు కూడా ఈ నెల్లో సబ్బుతో తోమి తోమి పోగొట్టుకున్నాడు, భార్యకు మందిచ్చే చేతులని. నవోమి మాత్ర మింగింది. ఆయన గ్లాసు తీసుకున్నాడు కాని వెళ్లలేదు.

"కోపమొచ్చిందా?"

"మీరు నన్నడగలేదు."

"ఏమడగాల? నీకు ఆ కీమో అంటే ఎంత భయమో నాకు తెలీదా?"

"తెలుసు. అయినా అడగాల."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. బయట వంట మాస్టరు ఎవరినో కట్టెల కోసం తిడుతున్నాడు. ఆ తిట్లు అయ్యేదాకా ఆగి, తలుపు దగ్గరగా వేసి వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"ఆ దినం నిన్ను ఆపరేషన్ గదిలోకి తీసకపోయినాక నేను బయట మొక్కుకున్నా నవోమీ. దీన్ని ప్రాణాలతో పంపించు, సంఘం ముందర సాక్ష్యం చెప్తా, అందరికీ అన్నం పెడతా అని. పంపించినాడు. నేనూ మాట నిలబెట్టుకున్నా. ఇప్పుడు మళ్లీ పోయి, అది నిజం కాదు, దీనికి ఇంకా ఉండాదంట అని చెప్తే…"

"చెప్తే?"

"ఇచ్చింది తీసేసుకుంటాడేమో."

పొద్దున్నుంచీ ఆయన పరువు కోసం పట్టుపడుతున్నాడనుకుంది నవోమి. అది పరువు కాదు, భయం. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మనిషి ముఖంలో ఇంత భయం చూడలేదామె. జాలేసింది. ఆ జాలితో పాటే ఒళ్లు మండింది కూడా.

"దేవుడు కూడా మీ కొట్టుకొచ్చే రొయ్యల గుంటోళ్ల మాదిరి అనుకుంటుండారా, మాట తేడా వస్తే మోటారు ఎత్తుకుపోవడానికి?"

ఆయనకు నవ్వు రాబోయింది. అంతలోనే ముఖం మళ్లీ బిగుసుకుంది.

"సాయంత్రం నువ్వు కూడా సాక్ష్యం చెప్పాల. పాస్టరయ్యగారికి చెప్పినా. పెద్దగా అక్కర్లా. బాగుండాను అని ఒక్క మాట. నీ నోటితో అందరూ వింటే చాలు."

"ఆ తర్వాత కీమో?"

"తర్వాత చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే' నవోమికి కొత్త కాదు. వానొస్తే కారే వంటిల్లు, రెండో బావి, ఆమె ఎన్నాళ్లుగానో అడిగిన వేళాంగణి ప్రయాణం, అన్నీ అందులోకే వెళ్లి కూర్చున్నాయి. సాక్ష్యం చెప్పనని ఆమె అనలేదు, చెప్తాననీ అనలేదు. ఆయన గ్లాసు పట్టుకుని వెళ్లిపోయాడు.

*

పొద్దు వాలేవేళకు అబిగయీలు దువ్వెన, కొబ్బరినూనె పట్టుకుని వచ్చింది. చెయ్యి లేవని మరదలికి తల దువ్వేది రోజూ ఆమే. ఎంత తగువు పడినా ఆ వేళకు వచ్చేస్తుంది, దువ్వుతూ ఇంకో తగువు పెట్టుకుంటుంది. ఈ రోజు మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నూనె అంటి, పాయలు తీసి, నెమ్మదిగా దువ్వుతోంది.

"నీ జుట్టు మా అమ్మ జుట్టు మాదిరే ఉంటాది," అంది చివరికి.

"మళ్లీ వస్తాదంట వదినా, కీమో అయిపోయినాక."

"పెట్టించుకుంటావా అయితే?"

"తెలీదు."

దువ్వెన ఆగింది. నవోమి వెనక్కి తిరగబోతే, అబిగయీలు ఆమె భుజం పట్టుకుని ఆపింది. లేచి తలుపు గడియ పెట్టి, ఎదురుగా వచ్చి కూర్చుంది. నవోమి కుడి చెయ్యి తీసుకుని, తన రవిక మీద, చంక దగ్గరగా ఆనించింది.

"చూడు."

నవోమి వేళ్లకు అది తగిలింది. గట్టిగా, కదలకుండా, నేరేడు గింజంత. ఇట్లాంటిదే తన ఒంట్లో తన వేళ్లకు తగిలిన రోజు ఆమె చేతికి ఇంకా గుర్తుంది.

"ఎప్పటినించి వదినా?"

"వానాకాలం ముందునించి. నొప్పి లేదు. నొప్పి లేదు గదా, ఏం కాదులే అనుకున్నా."

"నాకూ నొప్పి లేదు."

"తెలుసు. నీకు ఆస్పత్రిలో కోస్తుంటే నేనీడ దీనిమీద చెయ్యేసుకుని ప్రార్థన చేసుకుంటుండా. తమ్ముడు చర్చిలో నిలబడి నీకు పూర్తిగా నయమైపోయిందని చెప్పినాక నాకు ధైర్యమొచ్చింది. నీకు పోయింది గదా, నాకూ పోతాదని."

"నాకు కోసి తీసినారు వదినా!"

"కోస్తే పోయిందో, ప్రార్థనకు పోయిందో నాకేం తెలుసు? తమ్ముడు ప్రార్థనకే అన్నాడు." నలుగురిలో అందరినీ దబాయించే ఆ మనిషి తల వంచుకుంది. "అందుకే పొద్దున ఆ పిల్ల మీద అరిచినా. నీకే ఇంకా ఉండాదంటే నేనెవరిని చూసుకుని నిలబడాల?"

నవోమి ఆమె చెయ్యి వదల్లేదు. "సోమవారం నాతో నెల్లూరు రా. నరేంద్రబాబు గారికి చూపిద్దాం."

"ముందు ఈ పూట సాక్ష్యం చెప్పు నువ్వు. బాగుండానని నీ నోటితో వింటే నాకదే చాలు. మందుల్లేకుండానే నేనూ బాగైపోతా." అబిగయీలు కళ్లు తుడుచుకుంది. మళ్లీ వెనక్కి వెళ్లి జడ అల్లడం మొదలుపెట్టింది. "తమ్ముడికి చెప్పబాక. ఇప్పటికే వాడు సగం చచ్చున్నాడు."

ఆమె జడ బిగించి అల్లింది. ఎప్పటికన్నా బిగించి.

*

కూడికకు వాకిలి చాలలేదు. వీధిలో కూడా కుర్చీలు వేశారు. షామియానా కింద ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. పాస్టర్ ఆండ్రూ గారు ప్రార్థన చేశారు. రెండు పాటలయ్యాయి. కృపాదానం ఎప్పటిలాగే పక్కన బల్ల దగ్గర, ఆంప్లిఫయరు ముందు కూర్చున్నాడు. చర్చిలోనైనా ఇంట్లోనైనా మైకు సంగతి ఆయనదే. ఇంకొకరి చెయ్యి పడితే కీచుమంటుందని ఆయన నమ్మకం.

"ఇప్పుడు మన నవోమమ్మ గారు సాక్ష్యమిస్తారు," అన్నారు ఆండ్రూ గారు.

షారన్ లేచి తల్లికి చెయ్యందించబోయింది. నవోమి వద్దని తల ఊపి తనే నడిచింది. మైకు కుడి చేత్తో పట్టుకుంది. ఎదురుగా అన్నీ తెలిసిన ముఖాలే. ఆమె దగ్గర ఓనమాలు దిద్దినవాళ్లు, వాళ్ల పిల్లలు. అందరి ముఖాల్లోనూ ఆప్యాయత ఉంది. ఆమెకు మంచి జరిగిందని సంతోషించడానికి తలంటుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. వాళ్ల సంతోషం పాడుచేయాలంటే మనసు రావడం లేదు. ఆడవాళ్లలో వెనక వరసలో అబిగయీలు, చేతులు ఒళ్లో పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది.

"అందరికీ వందనాలు," అంది. "ఆపరేషన్ బల్ల మీదినించి దేవుడు నన్ను ప్రాణాలతో లేపినాడు. ఆయనకు స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారందరూ.

కృపాదానం ముఖం విప్పారింది. నవోమి ఆ సంతోషం చూసింది. ఇక్కడ ఆపేస్తే చాలు. వందనాలు చెప్పి కూర్చుంటే పలావు వడ్డిస్తారు, నవ్వుకుంటూ తింటారు, ఆయన ఈ రాత్రి నెల తర్వాత కంటి నిండా నిద్రపోతాడు. తను కూడా ఆ మందు ఊసు లేకుండా పడుకోవచ్చు. వదిన కూడా పడుకుంటుంది, ఆ గింజంత దానిమీద చెయ్యేసుకుని, నవోమికి నయమైంది కదా అనుకుంటూ.

"మా ఆయన చెప్పింది సగం సాక్ష్యం," అంది. "ఆయన అబద్ధం చెప్పలేదు. నామీద ప్రేమతో తొందరపడినాడు. మిగతా సగం నేను చెప్పాల. నాకు ప్రార్థనతో గడ్డ మాయం కాలా. డాక్టర్లు కోసి తీసినారు. అది మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, ఎవరూ చెప్పలేరు. నాకు వైద్యం ఇంకా అయిపోలా. నాకు చానా భయంగా ఉండాది. అయినా సోమవారం పోయి నేను కీమో…"

మైకు మూగబోయింది.

కరెంటు పోలేదు. లైట్లు వెలుగుతున్నాయి, వీధిలో జనరేటరు మోగుతూనే ఉంది. వైరు ఊడిందేమోనని ముందు వరసలో ఎవరో వంగి చూశారు. నవోమి బల్ల వైపు తిరిగింది. కృపాదానం చెయ్యి ఆంప్లిఫయరు మీట మీద ఉంది. ఆయన ముఖంలో కోపం లేదు. మధ్యాహ్నం మంచం అంచున కూర్చున్నప్పటి భయమే ఉంది, కళ్ల నిండా. వద్దు అన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపాడు. బతిమాలుతున్నాడు.

నవోమి మైకు దించింది. "కీమో పెట్టించుకుంటా," అంది.

గొంతు రాలేదు. ఆపరేషన్ తర్వాత ఆమె గట్టిగా మాట్లాడితే కుట్లు లాగుతాయి. ఆ మాట మొదటి రెండు వరసలు దాటి పోలేదు. వెనక గుసగుసలు లేచాయి. "ఏమంటుండాది? ఏమన్నదంటా?" ఆండ్రూ గారు ఏం చేయాలో తోచక, పాట అందుకోమన్నట్టు తబలా అతని వైపు చూశారు. తబలా మీద చెయ్యి పడింది.

అప్పుడు ఆడవాళ్లలో వెనక వరసలోంచి ఒక కుర్చీ చప్పుడైంది. అబిగయీలు లేచి నిలబడింది. పక్కామె కొంగు పట్టి లాగుతున్నా కూర్చోలేదు. కృపాదానం మీట మీద చెయ్యి తీయకుండానే అక్క వైపు చూశాడు, ఆమె తన పక్షాన మాట్లాడటానికి లేచిందనుకుని.

"తబలా ఆపండయ్యా," అంది అబిగయీలు. కుడి చెయ్యి చంక కింద అదిమిపెట్టుకుని ఉంది. "నవోమీ, నాకు వినపడలా. నాకు వినపడాల. గట్టిగా చెప్పు."